ఏడొందల చుట్లు తిరిగిన చుక్క

కాలేజీ ఏసీ మెకానిక్‌ని అందరూ కోతల బాబాయి అంటారు. ఆయన కోప్పడడు, బిరుదు మరీ చిన్నదైందని నొచ్చుకుంటాడంతే.

ఆ ఉదయం టీ బడ్డీ దగ్గర పరిశోధన చేసే అమ్మాయి గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చుంది. ఎండని కరెంటుగా మార్చే పల్చటి ప్లాస్టిక్ పొరని కంప్యూటర్లో బొమ్మలా కట్టి నడిపి చూడడం ఆమె పని. ఎండ తగలగానే లేచిన ఎలక్ట్రాన్ చుక్క గెంతుకుంటూ పైనున్న రేకు చేరాలి, చేరితేనే కరెంటు. మూడు నెలలుగా చేరినవి సున్నా. తెరమీద ఆ గెంతులు చూసే ఓపిక పోయి, ఇప్పుడు చివరి అంకె మాత్రమే చూస్తోంది. నాలుగింటికి తన గైడు మాస్టారితో "నావల్ల కాదు" అని చెప్పేస్తానంది.

ఆ ఎర్రబడ్డ కళ్ళు చూసి బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నిన్న మీ గదిలో ఫిల్టర్ కడుగుతూ నీ తెర చూశానమ్మాయ్. ఓ చుక్క గుంటలో పడి బిక్కమొహం వేసుకుని ఉంది. చలేస్తోందేమోనని ఏసీ రెండు డిగ్రీలు పెంచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒళ్ళు విరుచుకుని ఒకటే గెంతు! పైరేకు తాకి, కిందనుంచి పుట్టుకొచ్చి, మళ్ళీ పైకి... ఏడొందల చుట్లు! వేళ్ళమీద లెక్కపెట్టా!"

"నీకెన్ని వేళ్ళు బాబాయ్?" అన్నాడు టీ అతను.

"నువ్వూరుకో. మిగతా చుక్కలన్నీ దాని వెంటపడ్డాయా, ఆ గాలికి నా ఫిల్టర్ ఆరిపోయింది! ఊళ్ళో దీపాలు మూడు రోజులు ఆర్పుదామన్నా ఆరలేదు!"

"నిన్న జరిగినదానికి మూడు రోజులేంటి?" టీ అతను వదల్లేదు.

"ఆ వేగానికి రోజులూ తొందరపడ్డాయి మరి!"

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "పైరేకు తాకి కిందనుంచి వచ్చిందన్నావే, అదీ కోతేనా బాబాయ్?"

బాబాయి తడబడ్డాడు. ఆయన్ని నిజం అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరాయె. "అదొక్కటీ... కళ్ళారా చూశానమ్మా."

ఆమె పరుగెత్తింది. ఆ రోజు బాబాయి ఆమె గది ముందు వరండాలో బాగున్న ఏసీనే మూడుసార్లు బాగుచేశాడు.

నాలుగు దాటాక ఆమె బడ్డీకి వచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, నవ్వు మాత్రం కొత్తది.

"కంప్యూటర్లో నేను కట్టిన చిన్న పెట్టె పెద్ద పొరలా నడవాలని, పక్కగోడ దాటిన చుక్క అవతలి గోడలోంచి రావాలని నియమం పెట్టా. పొరపాటున పైరేకుకీ అదే పెట్టేశా. ఇప్పుడు తీసేస్తే వందలో నలభై ఒకటి చేరాయి! మాస్టారు కుర్చీలోంచి లేచారు!"

"చూశావా! నేను డిగ్రీలు పెంచబట్టి..."

"నువ్వు వేడెక్కించింది గదిని బాబాయ్, చుక్కకేం తెలుస్తుంది! ఏడొందల చుట్లూ లేవు. పాపం అది మొదటిసారే ఇల్లు చేరింది. నేనే గుర్తుపట్టక వెనక్కి పంపేస్తూ వచ్చాను."

బడ్డీ అంతా గొల్లుమంది. బాబాయి తల గోక్కున్నాడు.

"సర్లే, ఆరొందల తొంభై తొమ్మిది కొట్టెయ్. ఆ ఒక్కటీ ఉంచు తల్లీ."