న్యూట్రల్ మానిన బెన్హర్ గారు

1992 ఆగస్టు మూడవ తేదీన, బిట్రగుంట రైల్వే కాలనీకి చెందిన, నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ బెన్హర్ గారు మన డిపోలో డ్రైవరుగా విధుల్లో చేరారు. తండ్రిగారు రైలింజను నడిపినవారు. కుమారుడు పట్టాలు లేని దారిని కోరుకున్నారు. స్టీరింగు మీద ఆయనకున్న మమకారం ఉద్యోగధర్మాన్ని మించినదని, ఒక రకమైన పిచ్చి అని మనందరికీ తెలిసిందే.

తొలి సంవత్సరాల్లో వారు చిల్లకూరు, దొరవారిసత్రం మార్గాల్లో బస్సు నడిపారు. మన తీరప్రాంతంలో దిగుడు అంటే వంతెన దిగుడే గదా! అక్కడ గేరు తీసేసి, న్యూట్రల్‌లో బండిని జారనివ్వడం, డీజిలు మిగిల్చి మెప్పు పొందడం ఆనాటి యువ డ్రైవర్లకు సరదా. అందులో బెన్హర్ గారు అందరికంటే ఘనులు. ఆ అలవాటుతోనే వారు శ్రీశైలం సర్వీసుకు వెళ్ళారు.

ఒకనాటి ఉదయం ఘాట్ రోడ్డులో అదేవిధంగా న్యూట్రల్‌లో దిగుతుండగా బ్రేకులు కాగిపోయి పట్టు సడలింది. గేరు వేయబోతే పళ్ళు కరకరలాడాయే గాని గేరు పడలేదు. ప్రయాణికుల హాహాకారాల మధ్య వారు బండిని కొండవైపు మట్టిగట్టుకు ఆనించి నిలిపారు. దైవకృప, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు! డిపో నుండి వచ్చిన మెకానిక్ గంగులయ్య గారు మాడి నల్లబడిన చక్రం దగ్గర కూర్చుని, "చెంబెడు డీజిలు మిగిలిచ్చినావు సరే, బ్రేకులన్నీ మాడ్చినావు, గేరుపెట్టెను నమిలినావు. ఎక్కిన గేర్లోనే దిగబ్బయ్యా! ఇంజనే బండిని పట్టుకుంటాది" అన్నారు. తదనంతరం శిక్షకులుగా నియమితులైన బెన్హర్ గారు ఎందరో డ్రైవర్లకు ఆ మాటనే నూరిపోశారు.

ఏడేళ్ళ క్రితం కంటిపరీక్షలో తప్పడంతో స్టీరింగు వారి చేజారింది. గ్యారేజీలో పని, జీతం, గౌరవం అన్నీ మిగిలాయి. ఆ సీటు ఒక్కటే లేదు. శ్రీశైలం బస్సు బయలుదేరితే చాలు, చేతిలో పని ఆపి, శబ్దం వినబడినంతసేపూ నిలబడిపోయేవారు. "చర్చిలో ప్రార్థన జరగతా ఉన్నా ఈయన ఎడమచెయ్యి గేర్లు మారస్తానే ఉంటాదన్నా" అని సతీమణి ఎలిశబెతు గారు మాతో నవ్వుతూ చెప్పి, కళ్ళు తుడుచుకున్నారు. విరమణలోగా ఒక్కసారి ఆ ఘాట్ తోలుకుంటూ దిగాలన్నది వారి కోరిక. నిబంధనలు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడమే న్యాయమని వారికీ తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా!

చివరికి గత నెలలో భార్యాసమేతంగా టిక్కెట్టు కొనుక్కుని ఆ బస్సే ఎక్కారు, దర్శనానికి కాదు, దిగుడు కోసం. నడిపినది వారి శిష్యుడు మస్తాన్. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగుతున్నంతసేపూ బెన్హర్ గారు ముందు సీటులో కళ్ళు మూసుకుని ఇంజను హోరు విన్నారు. తాము ఏ మలుపులో గేరు తగ్గించేవారో మస్తాన్ అక్కడే తగ్గిస్తున్నాడు. బ్రేకును ముట్టీ ముట్టనట్టు ముడుతున్నాడు. దోర్నాలలో టీకి ఆపి, "ఎట్టుండాదన్నా నా తోలకం?" అని అడిగాడు.

"బాగా తోలినావురా" అన్నారు బెన్హర్ గారు. టీ గ్లాసు కింద పెట్టి, "ఒక్క తప్పన్నా చేసుంటే బాగుండేది. లెయ్యరా, నేను చూపిస్తానని అనేవాణ్ణి" అన్నారు.

శ్రీ బెన్హర్ గారికి, ఎలిశబెతు గారికి సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ళ ఆయుష్షును భగవంతుడు ప్రసాదించాలని డిపో సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నాం. ఆ సీటు మీది బెంగ తీరిపోవాలని మాత్రం కోరలేకున్నాం. అది తీరిన నాడు ఆయన మన బెన్హర్ గారు కారు.