మా తిరి చెప్పిన రెసిస్టరు

బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని ఒక సందులో నిలిపిన పాత కారులో కొడుకు డాష్‌బోర్డు విప్పి, బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు పెడుతున్నాడు. పక్క సీట్లో కూర్చున్న తల్లి కళ్లకు బండి అప్పుడే కాలిపోతున్నట్టుంది.

“ఆ పుల్లలేటిరా?”

“రెసిస్టర్లమ్మా. ఎల్‌ఈడీలోకి కరెంటు ఎక్కువ ఎల్లకుండా ఆపుతాయి.”

“ఆపకపోతే మంటలేనా?”

“మంటలేటే! ఎల్‌ఈడీ మాడిపోద్ది, అంతే. బేటరీ పన్నెండు వోల్టులే గానీ, ఇంజను తిరిగితే పద్నాలుగు దాటుద్దంట. పన్నెండుకి లెక్క కట్టి తేబోయాను. మా తిరి వొద్దని, ఇంకా పెద్దవి ఇచ్చింది.”

“నెమ్మదిగా తోలరా అని నాను మొత్తుకుంటే నీ సెవికెక్కదు. మా తిరి సెప్తే ఎక్కిందేటి?”

“కొట్లో పిల్లమ్మా. దానికి తెలుసు.”

“తెలుసులే. ఇంతకీ ఆ ‘మా’ ఏ మా? బర్మావోలు ఆడపిల్ల పేరు ముందర పెట్టే ‘మా’నా, మన తెలుగు ‘మా’నా?”

కొడుకు డాష్‌బోర్డులోకి తల దూర్చేశాడు. ఆమెకు జవాబు దొరికిపోయింది.

కాసేపటికి ఇంజను తిప్పి, స్విచ్చి నొక్కాడు. మీటర్ల మీద మెత్తని వెలుగు పరుచుకుంది. ఆమె ఎంత వెతికినా వంక దొరకలేదు.

“ఏటమ్మా, బాగోలేదా?”

“గుడ్డి దీపంలా ఉంది. ఆ పిల్లనే వొచ్చి సూడమను.”

“ఇంటికా? నిజంగానా?”

“ఊఁ. ‘మా ఇంటికి’ రమ్మను. ‘మన ఇంటికి’ అనకు.”

“దానికి తెలుగు రాదమ్మా. తేడా తెలీదు.”

“నీకు తెలుసు కదా. అది సాలు.”