పది సెకన్లు

టీవీలో జాంబీల ఆట ఆగి ఉంది. తమ్ముడి వెనకే నిలబడి చూస్తున్న అక్క గయ్యిమంది.

“ముసలాయన్ని కాల్చేశావా?”

“జాంబీ కరిచిందక్కా. కాసేపట్లో ఆయనా జాంబీ అయిపోతాడు.”

“మందు వెతుకుతావా అని ఆటే అడిగింది కదా! అది నొక్కడానికేం?”

“వెతికినా లాభం లేదు.”

“వెతక్కుండానే నీకన్నీ తెలుస్తాయి! నాన్నప్పుడూ ఇదే మాట. ఒక్కరోజు ఆగుదామనకుండా, వెంటిలేటర్ తీసెయ్యమని సంతకం గీకి పారేశావు.”

“మరి నువ్వెందుకు పెట్టలేదు?”

“నా చేతులు వణికాయిరా!”

“వణుకుతూనే పెన్ను నా చేతికిచ్చావు. ఇదిగో, ఆట వెనక్కి తిప్పాను. ముసలాయన బతికే ఉన్నాడు. పది సెకన్లు. కంట్రోలర్ పట్టుకో, వెతుకు.”

తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. మూడు దగ్గర అక్క కంట్రోలర్‌ని తమ్ముడి ఒళ్లోకి విసిరేసింది.

“నువ్వే నొక్కు.”