కుట్టుకూలి

“మళ్లీ అదే పాట! నీ పేర పడిన పన్ను పెనాల్టీ మాఫీ కావాలంటే కారణం చూపాలి. ‘నాకేమీ తెలియదు’ అని రాసి సంతకం పెట్టు, చాలు.”

“తెలియకపోవడమేమిటండీ? మీరు నింపిన పన్ను రిటర్నులో నా కుట్టుకూలి కూడా చూపించమని నేను అడగలేదూ?”

“అడిగావులే.”

“మీరేమన్నారు?”

“అదీ ఒక సంపాదనేనా అన్నాను. ఏదో నవ్వులాటకి.”

“నవ్వి ఊరుకోలేదుగా, అందులో రాయకుండా వదిలేశారు.”

“నిజం రాస్తే మాఫీ చెయ్యరేమోనే!”

“చెయ్యకపోతే పోనీండి. తెలివితక్కువదాన్నని నా చేత్తో నేను రాసుకోను.”

“మెల్లగా! అమ్మ వింటుంది.”

ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, అత్తగారూ పిల్లలూ భోంచేస్తున్న గదిలోకి వెళ్లింది.

“రేపు పన్నుల ఆఫీసుకు నేనే వెళ్తున్నాను,” అంది నెమ్మదిగా. “నా సంపాదన ఈ ఇంట్లో లెక్కలోకి రాలేదని చెప్పి, మాఫీ అడుగుతాను.”