నలభైకే రిటైర్మెంట్

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అక్కగారింటి వరండాలో తమ్ముడు పడక్కుర్చీలో వాలాడు. అక్క అతని పక్కనే కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"ఒక్క జీతాన్ని నమ్ముకోవడమంటే ఒంటిస్తంభం మీద మేడ కట్టడమేనక్కా. నన్ను చూడు. పొద్దున ఆన్‌లైన్ క్లాసులు, మధ్యాహ్నం కారు అద్దెకి తిప్పడం, సాయంత్రం పెళ్లి ఫొటోలు. నలభైకల్లా రిటైరైపోతా."

"రిటైరై ఏం చేస్తావురా?"

"ఏమీ చెయ్యను. భోంచేసి, ఫోన్ అవతల పారేసి, హాయిగా నిద్రపోతా. నువ్వూ ఆ ల్యాబ్ ఉద్యోగం మానెయ్. ఎన్నాళ్లిలా గానుగెద్దులా తిరుగుతావు?"

"గానుగెద్దునైనా సాయంత్రం విప్పుతారు కదరా. ఐదింటికి తెల్లకోటు కొక్కేనికి తగిలించానంటే, మళ్లీ తెల్లారేదాకా ల్యాబ్ నా జోలికి రాదు. నిన్ను విప్పేదెవరు?"

"నాకు నేనే యజమానినక్కా..."

"అదేరా నా బాధ. అలాంటి యజమాని దగ్గర నేనైతే ఒక్కపూట పనిచెయ్యను. వింటున్నావా?"

తమ్ముడి తల పక్కకి వాలిపోయి ఉంది. అతని ఒళ్లో ఫోన్ మోగింది. ఆమె చప్పుడు కాకుండా అందుకుంది.

"కారు కావాలా? మా తమ్ముడు రిటైరయ్యాడండీ. ఓ గంటాగి చెయ్యండి."