నంబరు పడ్డ ఇసుర్రాయి

సైనిక్‌పురి దగ్గర ఒక ట్రస్టు కొత్తగా కట్టిన మ్యూజియం. సాయంత్రం వేళ వరండాలో ఇద్దరు: పిల్లల్ని తీసుకొచ్చిన గవర్నమెంటు స్కూలు టీచరు భవాని, మ్యూజియంలో బడిపిల్లల కార్యక్రమాలు చూసే ఇంద్రజ.

“...గిప్పుడు పచ్చ బనీన్లా? వద్దు మేడం. ఇంగ ఒక్క పిల్లకు సుత తొడగనియ్య.”

“చివరి ఫోటో అండీ భవాని గారూ. ఇదొక్కటే.”

“పొద్దుగాల ఎర్రవి తొడిగిండ్రు. అన్నం తిన్నరో లేదో నీలంవి. ఇప్పుడు పచ్చవి. ఎందుకో నాకు సమజ్ కాదనుకున్నరా? మా ఒక్క బడి పిల్లలనే మూడు బళ్ల పిల్లలని చూపెడుతున్రు.”

“అలా కాదండీ... గ్రూపుల్ని గుర్తుపట్టడానికి...”

“గుర్తుపట్టనీకి! ఛీ! ఆ బనీన్లు ఉతికి ఎన్నాళ్లయిందో, ఒకటే కంపు. మా పిల్ల ఒకతి ఆ వాసనకే కక్కుకున్నది. తెలుసా మీకు?”

“తెలుసండీ. నేనే దగ్గరుండి కడిగించాను.”

“బనీనా, నేలనా?”

“...నేల.”

“థూ! గిదేం కార్యక్రమం మేడం? మొన్న టీచర్ల ట్రైనింగ్‌ల మీరే గద చెప్పిన్రు? వస్తువును పిల్ల చేతిల పెట్టాలె, తిప్పి చూడనియ్యాలె, ప్రశ్న పిల్ల నోట్లకెళ్లి రావాలె అని. నేనైతే మస్తు ఖుష్ అయిన. గిన్నేండ్లకు ఒక్క మంచి మాట విన్నననుకుంట ఇంటికి పోయి మా ఆయనకు సుత చెప్పిన.”

“అది నేను నమ్మే చెప్పానండీ.”

“నమ్మి చెప్పిన్రు, మమ్మల్ని నమ్మించి ముంచిన్రు. పొద్దుగాల సంది పిల్లలు గీ వరండా దాటలే. చీఫ్ గెస్ట్ అచ్చిండు, రిబ్బన్ కత్తిరించిండు, పోయిండు. మా పిల్లలు తలుపు చూసిన్రు.”

“గ్యాలరీలో ఏసీ పని జరుగుతోందండీ. వచ్చే నెల తప్పకుండా... ఈలోపు అందరికీ సర్టిఫికెట్లు ఇస్తాం.”

“ఏం చూసిన్రని సర్టిఫికెట్? తలుపు చూసిన్రనా?”

“భవాని గారూ...”

“పోనీ, లోపటికి పోకుంటె పాయె. పిల్లలు ఇండ్లకెళ్లి తెచ్చిన సామాన్లు ఇయ్యుండ్రి, పోతం. బస్సు డ్రైవర్ తుకారాం హారన్ మీద హారన్ కొడుతున్నడు.”

“సామాన్లు... అంటే...”

“అంటే ఏందీ? ఇంట్ల ఉన్న పాత వస్తువు ఒక్కటి తెమ్మన్నది మీరే గద? పాఠం అయినంక ఇస్తమంటిరి. కందిలి దీపం, ఇత్తడి చెంబులు, మా శ్రీలేఖ తెచ్చిన ఇసుర్రాయి. గా రాయి ఎవరిదో ఎరుకేనా? వాళ్ల అవ్వ లచ్చమ్మది. శెనగలు, పెసర్లు ఇసిరి కార్ఖాన బస్తీల ఇండ్లిండ్లకు అమ్ముతది ముసలామె. కింద రాయి బరువని ఇంట్లనే పెట్టి, పై రాయి సంకల పెట్టుకొని వచ్చింది పిల్ల. రేపు గా ముసలామె దేంతోని ఇసరాలె? నా మొఖం చూసి ఇచ్చింది మేడం. టీచరమ్మ అడిగిందని ఇచ్చింది.”

“ఆవిడకి నేను ఫోన్ చేసి మాట్లాడతాను.”

“ఫోన్‌ల శెనగలు ఇసురుతరా?”

“కోప్పడకండి. వాటికి... వాటికి నంబరు వేసేశారు.”

“ఏం నంబరు?”

“మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువుకీ అడుగున తెల్ల రంగుతో నంబరు వేస్తారండీ. నంబరు పడిందంటే ఇక అది మ్యూజియం సొత్తు. బయటికి పంపాలంటే కమిటీ కూర్చోవాలి.”

“ఎవరినడిగి వేసిండ్రు? అవ్వనడిగిన్రా? నన్నడిగిన్రా?”

“డైరెక్టర్ గారు వేయించారు. పక్కన బోర్డు కూడా పెట్టించారు. రెండు వందల ఏళ్ల నాటి తిరగలి అని.”

“రెండు వందల ఏండ్లా! పొద్దుగాల దాంతోనే ఇసిరింది మేడం ఆమె! రాయికంటిన పిండి సుత పోలే!”

“దులిపించారండీ.”

“ఛీ ఛీ! దానికి సుత జవాబున్నదా మీ దగ్గర?”

“మెల్లగా అండీ, డైరెక్టర్ గారు పక్క గదిలోనే ఉన్నారు.”

“ఉండనీ. వినాలనే అంటున్న. పేదోళ్ల ఇంట్ల సామాన్లు గుంజుకొని అద్దాల పెట్టుకుంటరా? సిగ్గు శరం ఉన్నదా? దొంగోడు నయం మీకంటె. వాడు తన సంచి తనే మోసుకుంటడు, బడిపిల్లలతోని మోయించుకోడు.”

“నాకూ అసహ్యంగానే ఉందండీ. ఒట్టు.”

“అసహ్యమైతే పోయి తీసుకురా. మేం అడిగేది మా సామాన్లే గద? అవి ఇచ్చేస్తే మీ మ్యూజియం ఏమన్న కూలిపోతదా?”

“కూలిపోతుందండీ.”

“ఏందీ?”

“రాజుల కత్తులన్నారు, విగ్రహాలన్నారు. ఒక్కటీ తేలేదు. ఏసీ పని లేదు, ఏమీ లేదు. అందుకే పిల్లల్ని లోపలికి పంపలేదు. తలుపు తీస్తే వాళ్లకి కనపడేవి వాళ్లిళ్లలో వస్తువులే. మీ పిల్లలు తెచ్చినవి, అంతకుముందు వచ్చిన బడిపిల్లలు తెచ్చినవి. ఇంకేం లేవు.”

“అవ్వో... పైన పటారం, లోన లొటారం! నీకు ఇదంత ఎరుకనేనా? ఎరుకుండి మాకు ట్రైనింగ్ ఇస్తివా? ఒక్కసారన్న వద్దనకపోతివా ఇంద్రజా? ఇట్లనే మీ ఇంట్ల వస్తువు ఎత్తుకపోయి నంబరు వేస్తే, నోరు మూసుకొని ఊకుందువా నువ్వు?”

“ఊరుకున్నానండీ. లోపల ఒకటో నంబరు మా అమ్మ కాఫీ ఫిల్టరుదే.”