మిగిలిన చీటీలు విప్పొద్దు

చెత్తబుట్టలో వేయబోతూ ఊరికే విప్పిన నాలుగు చీటీల మీదా ఎలీనాకు ఒకే ఊరి పేరు కనిపించింది.

"మామా, జెర కిచెన్‌లకు రా. తలుపు దగ్గరికెయ్యి."

"ఏందమ్మా, పాయసం మిగిలిందా?"

"పాయసం కాదు. ఇది చదువు."

"మిరిస్సా. అవును, ఇందాక నా చేత్తోనే తీసిన కదా."

"నువ్వు తీసింది డాడీ జేబుల ఉంది. ఇవి డబ్బాలో మిగిలినవి."

"మిగిలినవి విప్పినవా? ఎలీనా, మిగిలిన చీటీలు విప్పొద్దని ఈ ఇంట్ల..."

"తర్వాత తిట్టు మామా. ముందు చదువు."

"మిరిస్సా. ఇది సుత మిరిస్సా. మిరి... ఓరి దేవుడా. నాలుగూనా?"

"నాలుగూ. నేను సిగిరియా అని రాసి వేసిన. నువ్వు?"

"నువారా ఎలియా. చల్లటి ఊరు, స్ట్రాబెర్రీ తోటలు. నాకు ఎండ పడదు కదా."

"మమ్మీ గాలే కోటలో పాత చర్చి అన్నది. డాడీ ఎల్లాలో రైలు అన్నడు. ట్రావెల్స్ నవత చెప్పిందని మిరిస్సా ఐదో చీటీ నేనే వేసిన. పొద్దున డబ్బాలో ఐదు ఊర్లున్నయి. ఇప్పుడు ఐదు చీటీలకు ఒక్కటే ఊరు."

శుక్రవారం శ్రీలంకకు విమానం. ఆ ఇంట్లో ఎవరూ అంతకు ముందు దేశం దాటి ఎరుగరు. కొలంబో, కాండీ ప్యాకేజీలోనే ఉన్నాయి. ఆఖరి రెండు రోజులకు ఒక ఊరు మాత్రం వీళ్ళ ఇష్టం. ఆ ఒక్క ఊరి కోసం నలుగురూ వారం రోజులు పోట్లాడుకుని, ఒకరి మాట ఒకరికి గిట్టక, చివరికి ఎప్పటిలాగే అలమర మీది బిస్కట్ డబ్బా దించారు. గోడల రంగు దగ్గర్నుంచి ఎలీనా పేరు దాకా మెట్టుగూడలోని ఆ ఇంట్లో అన్నీ ఆ డబ్బాలోంచి వచ్చినవే. ప్రార్థన చేసి చీటీ తీస్తే అది దేవుడి మాట. దాని మీద అప్పీలు లేదు.

"ఎవరి రాత మామా ఇది?"

"ఎవరిదీ కాదు. ఒకటో తరగతి పిల్లలు రాసినట్టుంది."

"ఎడమ చేత్తో రాసిన్రు. పొద్దున చీటీలేసి, ప్రార్థన చేసి, డబ్బా ఫ్రిజ్ మీద పెట్టి చర్చికి పోయినం. మధ్యలో ఇంటికి ఎవరొచ్చిన్రు?"

"ఎవరొస్తరు?"

"నువ్వొచ్చినవ్. టాంబరిన్ మర్చిపోయిన అని."

"నిజంగనే మర్చిపోయిన. మీ డాడీ కళ్లద్దాల కోసం రాలేదా? మీ మమ్మీ కుక్కర్ పెట్టాలని ప్రసంగం షురూ కాంగనే లేచి పోలేదా? చర్చి వీధి చివర్నే ఉన్నది కదా. నువ్వొక్కదానివే కదలలే, కాయిర్‌ల ఉన్నవు కాబట్టి."

"మామా, మిరిస్సాలో ఏమున్నది?"

"సముద్రం."

"ఇంకా?"

"కొబ్బరిచెట్లు."

"ఇంకా?"

"తిమింగలాలు కనపడతయంట. నవత చెప్పింది కదా, పొద్దుగాల బోటులో తీస్కపోతరని."

"సండే స్కూల్ల తిమింగలం మింగిన యోనా పాఠం ఎన్నేళ్ల నుంచి చెప్తున్నవ్?"

"నాకు మీసాలు రాకముందు నుంచి. అయితే ఏంది?"

"పోయిన నెల ఒక పిల్లగాడు లేచి ఏమడిగిండు?"

"నువ్వెప్పుడన్నా తిమింగలాన్ని చూసినవా సార్ అని."

"నువ్వేమన్నవ్?"

"ఫోటోల చూసిన అన్న. క్లాసంతా నవ్వింది. నవ్వితే? దానికోసం దేవుడి డబ్బాలో చెయ్యి పెడతనా? నన్ను గంత మాటంటవా? ముందు మీ డాడీ ఫోన్ చూడు పో."

"డాడీ ఫోన్ల ఏమున్నది?"

"మొన్న ఏదో పాట పంపమన్నడని చేతికి తీస్కున్న. ఎటు నూకినా తిమింగలాలే. పెద్దవి, చిన్నవి, తల్లీ పిల్లా. నేనైతే బావను అడగ. నువ్వు అడుగుతవా?"

అడగాల్సిన పని పడలేదు. చొక్కా జేబు మీద చెయ్యేసుకుని రిచర్డే మంచినీళ్ల కోసం వచ్చాడు. గూడ్స్ బండి డ్రైవర్‌గా రిటైరైన మనిషి, అరవై దాటిన వాడు, పదేళ్ల పిల్లాడిలా ఉన్నాడు. మౌలాలిలో ఉండే తన పాత దోస్తు అన్వర్‌కు అప్పుడే ఫోన్ చేశాడట. దేవుడు నన్ను తిమింగలాల దగ్గరికి పంపుతున్నడు భాయ్ అంటే, అన్వర్ తన బైనాక్యులర్ ఇస్తానన్నాడట. సముద్రంలోకి లుంగీ మీద పోవచ్చా, ప్యాంటే వేసుకోవాలా అని అడుగుతూ గ్లాసు నింపుకుంటున్నాడు. ఎలీనా నాలుగు చీటీలూ గట్టు మీద పరిచింది. గ్లాసు నిండి నీళ్ళు కాళ్ల మీద పడ్డాయి.

"గివేంది?"

"డబ్బాలో మిగిలినవి, డాడీ."

"గిట్లెట్ల అయితది?"

"అదే నిన్ను అడుగుదామని."

"నన్నా? నన్నెందుకు? ఓ... నన్నా?"

"ఫోన్ల అన్నీ తిమింగలాలే అంట కదా."

"ఉంటే ఉన్నయి. చూసుడు వేరు, చేసుడు వేరు బిడ్డా. మీ మమ్మీ సంగతి ఎరుకనే కదా. హుస్సేన్ సాగర్ బోటులో ఎవరో పెద్దమనిషి మెడ పట్టుకొని, దిగేదాక ఇడవలే. అసొంటి మనిషిని నేను సముద్రంలకు తోలుకపోతనా?"

"మరి నీ చీటీ మీద రైలని ఎందుకు రాసినవ్? నీకు రైలు ఎక్కాలని ఉండెనా?"

"ముప్పై ఏండ్లు ఎక్కిన."

"అందుకే అడుగుతున్న."

"ఏం చెప్పాలె బిడ్డా. మనిషి చేసిన పెద్ద బండి నడిపిన. దేవుడు చేసిన పెద్దది ఊపిరి తీస్కుంటుంటే ఒక్కపారి చూడాలనిపించింది. అంతే."

"అదే రాయొచ్చు కదా."

"నేను రాస్తే మీ మమ్మీ నా కోసం వస్తది. కండ్లు మూస్కొని, వణుక్కుంట. అట్ల చూస్తే నాకు చూసినట్టుంటదా? దేవుడే పంపిండంటే వేరే సంగతి. చీటీ రాంగనే ఎంత ఖుషీ అయినన్నో. నేను అడగలే, ఆయనే ఇచ్చిండు అనుకున్న."

"బావా, ఇప్పుడేం చేద్దాం?"

"ఏం చేస్తం. ఇది ఆయన పంపిన చీటీ కాదు. ఎలీనా, నవతకు ఫోన్ చెయ్యి. ఎల్లా అని చెప్పు. రైలెక్కుదాం."

రిచర్డ్ జేబులోంచి ఐదో చీటీ తీసి మిగతా నాలుగింటి పక్కన పెట్టాడు. అన్వర్‌కు బైనాక్యులర్ వద్దని ఇప్పుడే చెప్తే మంచిదేమో అని బావమరిది సైలస్‌ను మెల్లగా అడిగాడు. ఎలీనా ఫోన్ తీసింది కానీ నంబరు నొక్కబుద్ధి కాలేదు. అప్పుడే తలుపు తోసుకుని డోరా వచ్చింది. బాపట్లలో పుట్టి మెట్టుగూడకు కాపురానికి వచ్చిన ఆ లెక్కల టీచరు మాట ఇప్పటికీ అక్కడిదే; చిన్నప్పుడే ఆమె వెంట వచ్చి ఇక్కడ పెరిగిన తమ్ముడు సైలస్‌కు మాత్రం ఈ ఊరి మాటే అబ్బింది.

"ఏంటందరూ వంటింట్లో గుమిగూడారు? నవత ఎన్నిసార్లు చేస్తుందో చూడు, ఎలీనా, ఆ అమ్మాయికి ఊరి పేరు... అయ్యో. ఎవరు విప్పారు?"

ఎలీనా తల్లి వైపు చూసింది. చీటీలు చూసిన ప్రతివాళ్ళూ ఇదేమిటన్నారు, ఎలా జరిగిందన్నారు. ఎవరు విప్పారని అడిగింది అమ్మ ఒక్కతే.

"నేనే విప్పిన మమ్మీ."

"విప్పకూడదని తెలీదూ? ఎన్నిసార్లు చెప్పాను?"

"డోరా, దాన్నేం అనకు. డబ్బాలో మోసం జరిగింది. నేను సైలస్‌ను అంటలే, ఎవర్నీ అంటలే. కానీ గా డబ్బా ఏం డబ్బా? మన పెండ్లి చేసిన డబ్బా. అండ్ల మోసమంటే మన పెండ్లిల మోసం జరిగినట్టే."

డోరాకు పొలమారింది. సైలస్ నెత్తి మీద తట్టాడు.

ఆ పెళ్లి కథ ఎలీనా లెక్కలేనన్నిసార్లు విన్నదే. బాపట్లలో డోరాకు రెండు సంబంధాలు ఒకేసారి వచ్చాయి. ఒకాయన బ్యాంకు క్యాషియరు, సొంత మేడ. రెండో ఆయన సికింద్రాబాద్ నుంచి వచ్చిన రైల్వే డీజిల్ అసిస్టెంటు, చొక్కా నిండా గ్రీజు మరకలు. ఇంట్లో వాళ్ళంతా మేడ వైపే. తాతగారు మాత్రం నిర్ణయం తనది కాదని, రెండు చీటీలు రాయించి ఈ డబ్బాలో వేయించి, ఇంట్లో చిన్నవాడైన ఏడేళ్ల సైలస్ చేత తీయించారు. కథ చెప్పిన ప్రతిసారీ రిచర్డ్, దేవుడే నా ఇంజిన్‌కు సిగ్నలిచ్చిండని ముగించేవాడు.

"మామా, ఒక్క మాట."

"మళ్ళా నేనేనా?"

"పెళ్లి చీటీ నువ్వు తీసినప్పుడు, డబ్బాలో మిగిలిన రెండోది ఏమైంది?"

"రెండోదా? అది... తిన్న."

"తిన్నవా?"

"అక్క బెల్లం ముక్కల దాన్ని ఒత్తి నా నోట్ల పెట్టింది. మిగిలిన చీటీ విప్పి చూస్తే దేవుణ్ణి అనుమానించినట్టు, గుటుక్కున మింగరా అన్నది. బెల్లం కదా, మింగిన."

"అంటే, మిగిలిన చీటీలు విప్పొద్దనే రూలు..."

"అక్కదే. ఆ రోజే పెట్టింది. అంతకు ముందు మీ తాతయ్య అన్నీ విప్పి అందరికీ చూపి... అక్కా?"

"ఫోన్ మోగుతుంది చూడండర్రా."

"మోగనీ మమ్మీ."

"నవత అయ్యుంటుంది, పాపం ఆ పిల్ల..."

"మోగనీ. ప్రసంగం షురూ కాంగనే కుక్కర్ కోసం వచ్చినవ్ కదా. మేమొచ్చేసరికి కుక్కర్ చల్లగ ఉంది. మళ్ళా గంట సేపు ఆకలితో కూర్చున్నం."

"సరే. సరేనమ్మా. నేనే. ఐదు చీటీలు ఎడమ చేత్తో రాసేసరికి ప్రసంగం అయిపోయింది, ఇక కుక్కర్ ఎప్పుడు పెట్టను?"

"డోరా. నువ్వా?"

"ఏం చెయ్యమంటారు? రోజూ పొద్దున చర్చి ప్రార్థనలో ఫోన్ పట్టుకు కూర్చుంటే బైబిలే చదువుతున్నారనుకున్నాను. ఓ రోజు ఒంటి కన్ను తెరిచి చూస్తే తిమింగలం. అది నీళ్లు చిమ్మగానే మీరు ఆమేన్ అన్నారు."

"అది... అది ప్రార్థన అయిపోయిందని అన్న."

"పాస్టర్‌గారు ఇంకా మొదటి వాక్యంలోనే ఉన్నారు."

సైలస్ కొంగు లేని మనిషి కాబట్టి చేతి రుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

"నీళ్లంటే నీకు భయం కదా డోరా."

"భయమే. వాంతుల మాత్రలు కొని పెట్టాను, రెండు అట్టలు. ఒకటి నాకు, ఒకటి నేను ఎవరి మెడ పట్టుకుంటే వాళ్లకి. ఇంతకీ నేను రమ్మంటే మీరు రారు. నా కోసమని ఆ దిక్కుమాలిన రైలే ఎక్కుతారు. దేవుడు రమ్మంటే కాదనలేరు. అందుకని ఆయన పేరు వాడుకున్నాను. ఆయనకు చెప్పే వాడుకున్నాను."

"కానీ ఇది దేవుడి చీటీ కాదు కదా. నీ చీటీ. నీ చీటీ పట్టుకొని నేనెట్ల పోత?"

"ఎలా పోతారా? పెళ్లయిన రోజు నుంచి నా చీటీ పట్టుకునే పోతున్నారు కదండీ."

"ఏందీ?"

"బావా, జెర కూసో. నాకు ఆ బెల్లం ఇప్పుడు గొంతులకు వస్తున్నది."

"డోరా. గా క్యాషియర్..."

"ఆ క్యాషియర్ ముందు నన్ను కీర్తన పాడమన్నారు. రెండో చరణం మర్చిపోయాను. ఆయన నవ్వాడు. మర్నాడు మీ ముందు పాడమన్నారు, మళ్ళీ అక్కడే మర్చిపోయాను. మీరు శ్రుతీ లేదు, తాళమూ లేదు, గొంతెత్తి చరణం అందుకున్నారు. మా నాన్న చీటీలు రాయమని కాగితం నా చేతికే ఇచ్చాడు. దేవుడి మీద నమ్మకం లేక కాదండీ, అంత పెద్ద విషయంలో ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని, రెండు చీటీల మీదా రిచర్డ్ అని నేనే రాశాను."